దీపం వెలగని మెట్ల మీద

మార్లిస్ తన ఊళ్ళో అరవై హాలోవీన్ పండగలు చూసింది. నార్త్ డకోటాలో, బీట్‌దుంపల చేల మధ్య ఉంటుంది ఆ ఊరు. అక్టోబరు ఆఖరికే అక్కడ మంచు పడుతుంది. పిల్లలు ముందు దళసరి చలికోటు తొడుక్కుని, దాని మీద వేషం వేసుకుంటారు. మంత్రగత్తె అయినా రాకుమారి అయినా అందరూ పీపాల్లాగే కనబడతారు. మిఠాయిల కోసం నాలుగిళ్ళు తిరిగి, చర్చి నేలమాళిగలో వేడి వేడి సూప్ తాగి, ఎనిమిదింటికల్లా పక్కలెక్కుతారు. ఎవరు ఏ ముసుగు వేసుకున్నా నడక చూసి ఫలానా వాళ్ళ పిల్ల అని చెప్పెయ్యొచ్చు.

ఈ ఏడు కూతురు ఇంగ్రిడ్ రమ్మంటే బ్రూక్లిన్ వచ్చింది. కూతురుండే వీధిలో ఇళ్ళన్నీ ఒకదానికొకటి ఆనుకుని, ఎత్తైన రాతి మెట్లతో ఉంటాయి. పండగ నాడు ఇంటివాళ్ళు ఆ మెట్ల మీదే కూర్చుని, ఒళ్ళో మిఠాయిల గిన్నె పెట్టుకుని, వచ్చిన పిల్లలకల్లా పంచుతారు. గుమ్మం మీద దీపం వెలుగుతుంటే రమ్మని అర్థం. దీపం లేకపోతే ఆ మెట్ల జోలికి పోకూడదు. ఏడేళ్ళ మనవరాలు లోటీ ఈ సంగతి విమానాశ్రయం నుంచి వస్తూనే అమ్మమ్మకు మూడుసార్లు చెప్పింది.

ఆ రోజు సాయంత్రం అయిదింటికే వీధిలోకి కార్లు రాకుండా అడ్డం పెట్టేశారు. ఇంగ్రిడ్ ఆఫీసు వాళ్ళు అయిదారుగురు వచ్చి మెట్ల మీద చేరారు. మార్లిస్ చేతికి కూడా వేడి ఆపిల్ రసం కప్పు ఇచ్చి, ఊరి కబుర్లు అడిగారు. ఆవిడ సంతోషపడింది. మాటల్లో నాలుగడుగులు వేసి పక్కింటి వాకిట్లో పండగ అలంకారంగా పెట్టిన శవపేటికలోకి వంగి చూసిందో లేదో, అందులోని అస్థిపంజరం లేచి కూర్చుని కెవ్వుమంది. మార్లిస్ దానికంటే గట్టిగా కెవ్వుమంది. చేతిలో కప్పు ఎగిరి, ఇంగ్రిడ్ పైఅధికారి తెల్ల కోటు మీద పడింది. వీధి వీధంతా నవ్వింది. ఎవరో ఫోనులో తీశారు కూడా.

ఇంగ్రిడ్ ఒక్కతే నవ్వలేదు. ఎర్రబడ్డ మొహంతో దగ్గరికొచ్చి కోటు తుడిచే గుడ్డ అందుకుంటూ గొణిగింది.

“ఈ ఒక్క రాత్రి, అమ్మా. ఈ ఒక్క రాత్రికి నా పరువు తియ్యకు.”

మార్లిస్‌కు తల కొట్టేసినట్టయింది. మొగుడు పోయాక రెండొందల ఎకరాలు ఒంటిచేత్తో సాగు చేసిన మనిషి ఆవిడ. తుఫానులో దారి తప్పిన ఆవుల్ని వెతుక్కుంటూ ఒక్కతీ వెళ్ళింది. అలాంటిది ప్లాస్టిక్ ఎముకలకు జడుసుకుని కన్నకూతురి చేత మాట పడింది. ఇక ఈ ఊళ్ళో ఏ బొమ్మకీ భయపడేది లేదని మనసులో ఒట్టు పెట్టుకుంది. అవమానం మీద పెట్టుకున్న ఒట్టు మంచిది కాదని ఆ వయసులో ఆవిడకు ఒకరు చెప్పాలా? అయినా పెట్టుకుంది.

లోటీని తిప్పుకొస్తానని తనే అడిగి బయల్దేరింది. కూతురి కళ్ళ ముందు నుంచి కాసేపు తప్పుకోవాలని.

పొద్దు గూకింది గానీ పూర్తిగా చీకటి పడలేదు. తడిసిన ఆకుల వాసన, గుమ్మడికాయల లోపల కొవ్వొత్తికి మాడుతున్న గుజ్జు వాసన గాలిలో కలిసిపోయాయి. ఎవరో పెట్టిన పొగయంత్రం బుస్సుమంటూ కాలిబాట నిండా తెల్లటి పొగ కక్కుతోంది. తేనెటీగ వేషంలో ఉన్న లోటీ ముందు నడుస్తోంది. దాని రెక్కలు ఒకటి పైకీ ఒకటి కిందికీ ఉన్నాయి.

వీధి చివర మూలనున్న ఇంటికి దీపం లేదు. అడుగున చివరి మెట్టు మీద నల్ల గౌనులో ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. తల మెట్ల పక్కనున్న ఇనుప కటకటాలకు ఆనింది. నోరు ఒక పక్కకు కాస్త తెరుచుకుంది. ఒళ్ళో గాజు గిన్నె, దాని నిండా సోంపు వాసన వేసే బిస్కెట్లు. దీపం లేదని పిల్లలెవరూ అటు పోవడం లేదు.

“వద్దమ్మమ్మా, దీపం లేదు,” అంది లోటీ.

“గిన్నె ఉందిగా. బొమ్మను చూసి భయపడతామా మనం?”

కాలిబాట మీద ఒక జంట ఆగి చూస్తున్నారు. ఒకరు టమాటా సాస్ సీసా వేషం, ఒకరు ఆవాల ముద్ద సీసా వేషం. వాళ్ళు చూస్తున్నారని తెలిసే మార్లిస్ దగ్గరికి వెళ్ళింది. ముసలమ్మ కళ్ళల్లో తడి మెరుస్తోంది. కింది పెదవి నుంచి సన్నటి చొంగ కారుతోంది. ఎంత పనితనం అనుకుంది. ఆ కళ్ళు మెల్లగా ఆవిడ వైపు తిరిగాయి.

“...పి... లు...”

ఎక్కడో లోపల స్పీకరు పెట్టారన్నమాట.

“ఈసారి నన్ను మోసం చెయ్యలేవు తల్లీ,” అని పెద్దగా అని, మార్లిస్ ఆ చెంప మీద రెండుసార్లు తట్టింది. చెంప మెత్తగా, చల్లగా ఉంది. “ఎవరు చేశారో గానీ అచ్చం మనిషే.”

సీసాలు రెండూ నవ్వాయి. ఈసారి ఆవిడను చూసి కాదు, ఆవిడతో కలిసి. ఆ సాయంత్రం మొదటిసారి మార్లిస్ ప్రాణం కుదుటపడింది. నవ్వుతూనే వాళ్ళు పొగలో కలిసిపోయారు.

లోటీ బిస్కెట్టు కోసం గిన్నెలో చెయ్యి పెట్టింది. ముసలమ్మ చెయ్యి లేచి దాని మణికట్టు పట్టుకుంది.

“అమ్మమ్మా... వదలట్లేదు.”

“బ్యాటరీ బొమ్మే పిచ్చిదానా, ఉండు,” అంటూ మార్లిస్ ఆ వేళ్ళను ఒక్కొక్కటే విప్పింది. వేళ్ళు గట్టిగానే ఉన్నాయి. వేలి కింద ఎక్కడో చిన్నగా కొట్టుకుంటోంది. గోళ్ళ చివర పిండి అంటుకుని ఉంది. బొమ్మల గోళ్ళకు పిండి ఎవరు పూస్తారు?

విడిపించి, మనవరాల్ని లాక్కుని నడిచింది. పది అడుగులు వేశాక లోటీ నెమ్మదిగా చెప్పింది.

“ఎవరో కార్మైన్‌ని పిలవమంటోంది, అమ్మమ్మా.”

మార్లిస్ ఆగింది. వెనక్కి తిరిగి చూసింది. కటకటాల కింద ఆ చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. వణుకుతోంది.

అప్పుడు ఆవిడకు తెలిసింది. అనుమానం కాదు. తెలిసింది. పక్షవాతం వచ్చిన తన తల్లికి ఆఖరి రోజు నోరు సరిగ్గా అలాగే ఒక పక్కకు లాగేసింది. పరుగెత్తి వెళ్ళాలి, అరవాలి, పదిమందిని పిలవాలి. కానీ ఒకవేళ అది బొమ్మే అయితే? మళ్ళీ కేక, మళ్ళీ నవ్వులు, మళ్ళీ ఫోన్లు, కూతురి ఎర్రటి మొహం... అంతసేపూ కాళ్ళు కదల్లేదు. కదిలినప్పుడు ముసలమ్మ వైపు కాదు, వెళ్ళే దారిలో ముందుకే కదిలాయి.

“బొమ్మే,” అంది లోటీతో. “పద.”

పక్క వీధికి తిరిగారు. అక్కడా సందడే. నాలుగిళ్ళు దాటాక లోటీ అమ్మమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఒక ఇంటికి దీపం లేదు. చివరి మెట్టు మీద నల్ల గౌను. కటకటాలకు ఆనిన తల. ఒళ్ళో గిన్నె.

మార్లిస్ గుండెల మీంచి బరువు దిగింది. కొట్లో అమ్మే బొమ్మేనన్నమాట, వీధికొకటి కొనుక్కున్నారు. లోటీకి అదే చెప్పి, తనకు తనూ చెప్పుకుని, రెండిళ్ళలో మిఠాయిలు అడిగి తీసుకున్నారు. ఆ రెండిళ్ళ దగ్గరా ఆవిడ అవసరానికి మించి నవ్వింది.

వీధి మలుపులో మూడోది కనబడింది.

ఈసారి తల కటకటాలకు ఆనలేదు. నిటారుగా ఉంది. ఒళ్ళో గిన్నె లేదు. చెయ్యి ముందుకు చాచి ఉంది... అరచెయ్యి పైకి. చుట్టూ పొగ లేదు. గుమ్మడికాయ వాసన లేదు. సోంపు వాసన ఒక్కటే వస్తోంది.

లోటీ అటు చూడలేదు. నేల చూపులు చూస్తూ, “ఇంటికి పోదాం,” అంది.

వచ్చిన దారినే వచ్చారు. వేరే దారి మార్లిస్‌కు తెలియదు. వీధి మూలకు రాగానే అంబులెన్సు కనబడింది. దాని ఎర్ర దీపం తిరుగుతుంటే, అదీ పండగలో భాగమే అనుకుని పిల్లలు చుట్టూ గంతులేస్తున్నారు. పెద్దవాళ్ళు వాళ్ళను ఇళ్ళల్లోకి తోలుతున్నారు. ఇంగ్రిడ్, ఆఫీసు వాళ్ళు కూడా అక్కడే నిలబడి ఉన్నారు. స్ట్రెచరు మీద మొహం దాకా దుప్పటి కప్పేశారు.

ఎవరని అడగక్కర్లేకుండానే ఇంగ్రిడ్ చెప్పింది. అసుంటా మామ్మట. యాభై ఏళ్ళుగా ఆ ఇంట్లోనే ఉందట. మొగుడు పోయిన దగ్గర్నుంచీ నలుపే వేసుకుంటుందట. పొద్దున్నుంచీ వీధిలో పిల్లలకని బిస్కెట్లు వత్తుతూనే ఉందట.

లావుపాటి మనిషి ఒకడు మెట్ల మీద కూలబడి ఉన్నాడు. చేతిలో బల్బు పెట్టె. అతనే ఆవిడ మేనల్లుడు, కార్మైన్.

“దీపం మాడిపోయిందిరా, పిల్లలు రారు, బల్బు తెమ్మంది,” అని వచ్చినవాళ్ళందరికీ అదే చెబుతున్నాడు. “కొట్లో క్యూ... అరగంట పట్టింది. మా అత్త నోరు ఊరుకునే నోరా? ఎవర్నో ఒకర్ని పిలిచే ఉంటుంది. ఇంత జనంలో ఒక్కళ్ళకీ వినబళ్ళేదా?”

అంబులెన్సుతో వచ్చిన అమ్మాయి చుట్టూ ఉన్నవాళ్ళను అడిగింది. ఆరు తర్వాత ఈవిణ్ణి చూసినవాళ్ళున్నారా, మాట్లాడిందా, చెయ్యి ఎత్తిందా. తిట్టడానికి కాదని, రాసుకోవడానికేనని కూడా చెప్పింది.

“బొమ్మ అనుకుని ఉంటార్లే,” అన్నారెవరో.

“మనిషికీ బొమ్మకీ తేడా తెలియదా?” అంది ఇంగ్రిడ్. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. “ఛీ. వాళ్ళూ మనుషులేనా?”

మార్లిస్ చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. లోటీ తలెత్తి అమ్మమ్మ మొహంలోకి చూసింది. మార్లిస్ ఆ చిన్న భుజం మీద చెయ్యి వేసి నొక్కింది. ఊరుకోమని. తేలు కుట్టిన దొంగలా అలా నిలబడి, అంబులెన్సు తలుపులు మూసుకునేదాకా చూసింది. అరవై ఒక్క ఏళ్ళ బతుకులో తన మీద తనకు అంత అసహ్యం ఎన్నడూ కలగలేదు.

అందరూ వెనక్కి నడిచారు. ఇంగ్రిడ్, ఆమె స్నేహితులు ముందు. మార్లిస్, లోటీ వెనక. ఇల్లు దగ్గరపడుతుంటే మార్లిస్‌కు ఏదో తేడాగా తోచింది. బయల్దేరేటప్పుడు ఇంగ్రిడ్ గుమ్మం మీద దీపం వెలుగుతోంది.

ఇప్పుడు లేదు.

ముందు వెళ్ళేవాళ్ళు చివరి మెట్టు దగ్గర కాస్త పక్కకు ఒదిగి, పూలకుండీని దాటినట్టు దాటి పైకెక్కారు. ఏం దాటారో ఎవరూ చూడలేదు.

నల్ల గౌను. చాచిన అరచెయ్యి.

లోటీ అమ్మమ్మ చెయ్యి వదిలేసి రెండడుగులు వెనక్కి వేసింది. మార్లిస్ పారిపోవచ్చు. ఈసారీ పక్కనుంచి ఎక్కి వెళ్ళిపోవచ్చు. కానీ ఈ మెట్ల మీద తన మనవరాలు రోజూ కూర్చుంటుంది. ఆ ఆలోచనతో కాలిబాట మీద కూలబడి ఆ చేతిలో చెయ్యి పెట్టింది. వేళ్ళు మూసుకున్నాయి.

“నేనేనమ్మా,” అంది. “పిల్ల చెయ్యి విడిపించింది నేనే. నీ చెంప మీద తట్టి నవ్వింది నేనే. బొమ్మవనుకున్నాను... బొమ్మవనుకునే పోయాను. క్షమించు తల్లీ.”

పైన మాటలు ఆగిపోయాయి. తలుపు తీయబోతున్న ఇంగ్రిడ్ అలాగే ఉండిపోయింది. మరకపడ్డ తెల్ల కోటావిడ, స్నేహితులు, ఎదురింటి మెట్ల మీద వాళ్ళు... అందరూ విన్నారు. ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండుననిపించింది మార్లిస్‌కు.

“అమ్మా,” అంది ఇంగ్రిడ్, ఒక మెట్టు దిగి. “నువ్వేం చేశావు?” తర్వాత ఇంకో మెట్టు దిగి, చీకట్లోకి వంగి చూసి, గొంతు తగ్గించింది. “ఈ బొమ్మ ఎవరిది? మనం పెట్టలేదే.”

చేతిలో ఏదో కదిలింది.

చూపుడు వేలు విడింది. తర్వాత నడిమి వేలు. ఉంగరపు వేలు. బొటనవేలు.

మార్లిస్ కళ్ళ నీళ్ళు ధారగా కారాయి. నలుగురిలో తల తెగినా సరే, చెప్పేసింది. పోనీలే, చెప్పేసింది. మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకోబోయింది.

చిటికెన వేలు వదల్లేదు.

“అంతా చెప్పేశాను,” అంది గుసగుసగా, ఇందాక ఆగి వెనక్కి తిరిగి చూసిన క్షణాన్ని తలుచుకోకుండా. “బొమ్మవనుకున్నాను. అంతే... అంతే కదా.”

వేలు ఇంకాస్త బిగిసింది.