గడప మీద మెంతికూర

...గోడ లేస్తే ఇక చెవులు రిక్కించుకుని కూర్చోనక్కర్లేదు. తలుపుకు ఎన్ని గొళ్ళేలు పెట్టినా అది తలుపే, ఎవరో తడతారేమోనని మనసు అటే కాపలా కాస్తుంది. గోడను ఎవరూ తట్టరు. అలా అనుకుంటూ నిలబడిన రోహిణి, పాలు పొంగి స్టవ్ మీద మాడిన వాసన వచ్చాక గాని గిన్నె దించలేదు.

ఆమెకు ఆ రోజు వారపు సెలవు. స్టేషన్‌లో టికెట్ కౌంటర్ డ్యూటీ లేదు, క్యూ లేదు. వెనక వైపు నుంచి మారోతి ఇటుకలు చెక్కుతున్న చప్పుడు వస్తోంది. మారోతి కర్ఖేలి నుంచి వచ్చే మేస్త్రీ; మరాఠీ అలవాటుకొద్దీ ఆమెను తాయీ, అంటే అక్కా, అంటాడు. గోదావరి ఘాట్ దగ్గరి ఇరుకు గల్లీలో ఉన్న ఈ పాత ఇంటిని వేసవి నుంచీ బాగుచేస్తున్నాడు. కొన్నప్పుడు దూలాలకు చెదలు, వానొస్తే గదికో గిన్నె. రోహిణి దూలాలు మార్పించింది. కప్పుకు కొత్త రేకులు, వాకిలికి జాలీ గేటు, కిటికీలన్నిటికీ ఇనుప కమ్ములు పెట్టించింది. మిగిలింది వెనక గల్లీలోకి తెరుచుకునే తలుపు. చట్రం పుచ్చిపోయింది, కొత్తది పెడదామన్నాడు మారోతి. అక్కర్లేదు, ఇటుకలతో మూసెయ్యమంది రోహిణి.

చప్పుడు ఆగిపోయింది. మారోతి వంటింటి గుమ్మంలోకి వచ్చి తల గోక్కున్నాడు.

"తాయీ, జర మీరచ్చి చూడుండ్రి. నాతోని అయితలేదు."

"ఏమైందన్నా?"

"చాయ్ తాగనీకె పోయిన. వచ్చేసరికి పెద్దమ్మ కూసున్నది."

రోహిణి వెళ్ళి చూసింది. పుచ్చిన తలుపు ఊడదీసి పక్కన ఆనించి ఉంది. గడప మీద మారోతి ఒక వరస ఇటుకలు పేర్చాడు. ఆ తడి వరస మీద అమ్మ భాగ్యవతి దర్జాగా కూర్చుని, ఒళ్ళో చాట పెట్టుకుని మెంతికూర ఒలుస్తోంది. చిన్నప్పుడు తనూ తమ్ముడూ గడప మీద కూర్చుంటే చెవులు మెలేసి లేపిన మనిషి. లక్ష్మి వచ్చే దోవకు అడ్డం కూర్చుంటారా అని కేకలేసిన మనిషి. చీర అంచుకు సిమెంటు అంటుకుని ఉంది.

"అమ్మా, లే."

"కూర తెంపుతున్న. కనబడ్తలేదా?"

"లోపల కూసోని తెంపరాదు?"

"ఈడ గాలొస్తది."

"గాలికి కిటికీలున్నయి గద."

"ఏం కిటికీలే! కమ్ములు, కమ్ములకు జాలీ. దోమ గూడ నిన్నడిగి రావాలె."

మారోతి నవ్వబోయి, రోహిణి ముఖం చూసి తాపీ వంక తిరిగాడు. "సిమెంట్ మాల్ కలిపిపెట్టిన తాయీ. గట్టిపడితే నన్ననొద్దు."

"అననులే. అమ్మా, ఆయన పని ఆగిపోతది. లే."

"గీ కట్ట అయినంక ఇంకో కట్ట ఉన్నది."

రోహిణికి కొంతకాలంగా డ్యూటీ నుంచి వచ్చేసరికి గిన్నెల బుట్టలో మూడో కంచం తడిగా కనిపిస్తోంది. చూసీ చూడనట్టు తుడిచి లోపల పెట్టేది. అడిగితే అమ్మ నిజం చెబుతుంది, చెబితే తను ఏదో ఒకటి చెయ్యాల్సి వస్తుంది. ఆ 'ఏదో ఒకటి' ఏమిటో తెలియకనే మారోతికి ఇటుకలు తెమ్మని చెప్పింది.

"ఎవరి కోసం కూసున్నవో నాకు తెల్వదనుకున్నవా?"

"తెలిస్తే అడుగుడెందుకు?"

"వాడు దొంగ అమ్మా. నా గొలుసు తీస్కపోయి ఫోన్ల జూదం ఆడి పోగొట్టిండు. గసొంటోన్కి నేను లేనప్పుడు ఇంట్ల కూసోబెట్టి పెడ్తున్నవు."

భాగ్యవతి చేతులు ఆగాయి. "గొలుసు తీసిననాడు ఎట్నుంచి అచ్చిండే వాడు? ముందటి తలుపు నువ్వే తీసినవు. నువ్వే చాయ్ పోసినవు. ఇప్పుడు ముందటికెళ్ళి రానీకె వానికి మొఖం లేదు. ఎన్కకెళ్ళి వస్తడు, నిలబడి తింటడు, కంచం కడిగి పోతడు. గంతే. గా దోవ గూడ మూసేస్తే వాడెటు పోవాలె, చెప్పు."

"ఎటన్న పోనీ. ఈ ఇల్లు నా పేరు మీదున్నది."

"నౌకరి గూడ నీ పేరు మీదనే ఉన్నది బిడ్డా."

ఆ మాట చాలా నెమ్మదిగా అంది భాగ్యవతి. మారోతి ఖాళీ బకెట్ తీసుకుని నల్లా వైపు వెళ్ళిపోయాడు.

నాన్న రాజారాం రైల్వేలో పట్టాల మీద పనిచేస్తూ, సర్వీసులో ఉండగానే గుండెపోటుతో పోయాడు. ఆయన పోయినందుకు రైల్వే ఇచ్చే ఉద్యోగం పిల్లల్లో ఒక్కరికే వస్తుంది. అందరూ కొడుక్కే అన్నారు. అప్పుడే మీసం వస్తున్న తమ్ముడు అజయ్, "అక్కకియ్యుండ్రి, నాకు పట్టాల పని గిట్ల వద్దు" అని నవ్వేసి మొబైల్ దుకాణంలో చేరాడు. వాడికి ఇష్టం లేదు కాబోలు అనుకుంది రోహిణి. అలా అనుకోవడం ఎంత సుఖంగా ఉండేదో! తను మొదటి జీతం తెచ్చిన రోజు వాడు అందరికంటే ముందు స్వీటు నోట్లో వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఎందుకు అంత తొందరగా వెళ్ళాడో ఆమె అడగలేదు. ఆ తర్వాత వాడు ఎప్పుడు డబ్బులడిగినా ఇచ్చింది. ఇవ్వనంటే ఎలా చూస్తాడోనని ఇచ్చింది. వాడు చెడుతున్నాడని తెలిశాకా ఇచ్చింది. ఇన్ని కమ్ములూ, ఈ గోడా వాడిని ఆపడానికేనా? వాడు వచ్చి నిలబడితే మళ్ళీ చాచే తన చేతిని ఆపడానికి కాదూ?

గల్లీలో చెప్పుల చప్పుడు వినిపించింది. అజయ్. ఇటుకల వరస మీద అమ్మను, వెనక అక్కను చూసి దూరంగానే ఆగిపోయాడు. గడ్డం పెరిగింది. చొక్కా మాత్రం ఉతికినది.

"ఏందమ్మా, గడప మీద కూసున్నవు? మాకైతే చెవులు పిండుతుంటివి."

ఎవరూ నవ్వలేదు. వాడికి సంగతి అర్థమైంది.

"లే అమ్మా. చీరకు సిమెంట్ అంటింది. కట్టనియ్యి, మంచిదే." అక్క వైపు చూడకుండా గోడతో చెబుతున్నట్టు అన్నాడు. "నా చేతులకు తాళమేసుకునేటట్టుంటే నేనే ఏస్కుంటుంటి."

"ఇంకా ఆడ్తున్నవా?" రోహిణి గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"మొన్న ఆడిన."

ఆమె తెల్లబోయింది. గొలుసు పోయినప్పుడు దేవుడి పటం మీద చెయ్యేసి అబద్ధమాడిన వాడు. ఒట్లు, ఏడుపులు, ఎన్ని చూసిందో. ఇంత పొట్టి నిజం వాడి నోట ఎన్నడూ వినలేదు.

"నడుమల కొన్ని దినాలు ఆడలే. మొన్న ఆడిన. సిగ్గయి నిన్న రాలే." మెడ వంచుకున్నాడు. "పోతున్న. అమ్మా, నువ్వు లే."

భాగ్యవతి లేచింది. చాట చంకన పెట్టుకుని లోపలికి నడిచింది. ఇక గడప మీద ఇటుకల వరస తప్ప అడ్డం ఏమీ లేదు. మారోతి బకెట్‌తో తిరిగి వచ్చి నిలబడ్డాడు.

"తాయీ, మాల్ ఇగ ఆగదు. కట్టాల్నా?"

అజయ్ వెనుదిరిగాడు. గల్లీ మలుపు పెద్ద దూరమేమీ కాదు.

"పైసలు అడగకు," అంది రోహిణి. గట్టిగానే అంది. "అడిగినా ఇయ్య. బీరువ దిక్కు పోవద్దు."

వాడు తిరగకుండానే తలూపాడు.

"నేను లేనప్పుడు గూడ రావద్దు. నేనున్నప్పుడు రా. కూసోని తిను."

వాడి అడుగు ఆగింది. భుజాలు ఒకసారి కదిలాయి. ముఖం మాత్రం ఇటు తిప్పలేదు.

"అన్నా, ఆ మాల్ నీళ్ళ గది పగుళ్ళకు పెట్టుండ్రి. దీనికి చట్రం తెద్దాం."

"తాళం బయటికా, లోపలికా తాయీ?"

రోహిణి చీర కొంగు దోపుకుని గడప దగ్గర వంగింది. చివరి ఇటుక అంచు కింద వేళ్ళు పోనిచ్చి లాగింది. అది అప్పటికే పట్టుకుంటోంది. రెండు చేతులతో ఊపి ఊపి పెళ్ళగించింది.