నీరు పల్లమెరుగు, యాసెన్ ఎరగడు

"ఏమండోయ్ పైవాళ్ళూ! మీ వాన మా ఇంట్లో పడిందండీ!"

మోకాలి లోతు నీళ్ళలో నిలబడి యాసెన్ అరిచిన అరుపు అది. అతని నేలమాళిగలో ఓక్ చెక్కలు తేలుతున్నాయి. వైన్ పీపాలు చేసి బతికేవాడికి చెక్క నానిందంటే నోటి దగ్గర రొట్టె నానినట్టే.

కొండవాలులో పైన ఉన్న ఇంటి పెరటి గోడ మీదుగా ఒక తల కనిపించింది. రెయిన్‌కోటు టోపీ, దాని కింద తడిసిన ముంగురులు, వాటి కింద జాలన్నది లేని రెండు కళ్ళు.

"వానకి మేమేమైనా ఆర్డరిచ్చామా?"

"వాన దేవుడిదే. మా ఇంటికి పంపింది మాత్రం మీ నాన్న! పెరడంతా సిమెంటు పలకలు పరిచేశాడు. అక్కడ గడ్డి ఉన్నన్నాళ్ళూ ఒక్క చుక్క కిందకి రాలేదు తెలుసా?"

"నీరు పల్లమెరుగు అబ్బాయ్. పల్లంలో ఇల్లు కట్టుకున్నది మీ తాత."

"మా తాత కట్టేనాటికి మీ నాన్నకి ఈ ఊరి పేరు కూడా తెలీదు!"

తల మాయమైంది. ఓడిపోయి పారిపోయింది అనుకుని యాసెన్ మీసం లేని చోట మీసం దువ్వుకున్నాడు. వాన వెలిశాక చూస్తే ఆ పిల్ల అతని గేటు ముందు ఉంది. ఒక చేతిలో పార, ఒక చేతిలో రసమట్టం, మెడలో దారపు ఉండ.

"నా పేరు బిల్యానా. రోడ్లు వేసే కంపెనీలో వాలు కొలిచే ఉద్యోగం. తప్పు మా నాన్నదే. ఆయన ముందు మాత్రం ఈ మాట అనకు, మూడు పూటలా అలుగుతాడు."

"మరి ఇందాక..."

"ఇందాక నువ్వు అరిచావు. అరిస్తే నేనెవరి మాటా ఒప్పుకోను. పార ఉందా ఇంట్లో?"

యాసెన్‌కి అయోమయం మొదలైంది ఆ నిమిషంలోనే. మళ్ళీ అది వదల్లేదు.

ఉపాయం ఆమె చెప్పింది. గోడ వెంట కాలువ తవ్వాలి. అందులో గుడ్డ పరిచి, కంకర పోసి, చిల్లుల గొట్టం వేయాలి. పై నుంచి దిగిన నీళ్ళన్నీ ఆ గొట్టంలో చేరి ఇంటి వెనక వాగులోకి పోవాలి. సాయంత్రాలు ఇద్దరూ తవ్వేవారు. దారానికి ఆ చివర ఆమె, ఈ చివర అతను.

"యాసెన్, నువ్వు ఇంకొంచెం దిగాలి."

"ఇంకా ఎంత దిగను? ఇప్పటికే నువ్వేమంటే దానికి తలూపుతున్నాను."

"నేను దారం సంగతి అంటున్నా."

"నేనూ దారం సంగతే అంటున్నా," అన్నాడు చెవులు ఎర్రబడి.

గొట్టం వంకరగా పెట్టాడని ఒక సాయంత్రం తిట్టి, ఆ వెంటనే జున్ను పెట్టి కాల్చిన వేడి బనిత్సా తెచ్చి చేతిలో పెట్టింది. తిట్టిన నోటిని నమ్మాలో, పెట్టిన చేతిని నమ్మాలో అతనికి తెలియలేదు. తల్లి నేదాని అడిగితే ఆవిడ నవ్వి ఊరుకుంది. ఆడవాళ్ళంతా ఒక్కటే అనుకున్నాడు.

గేటు దగ్గర మాత్రం పెద్ద తగువే అయింది. అక్కడ పరిచే రాళ్ళ వాలు సందు వైపుకి పెడదామన్నాడు యాసెన్.

"అప్పుడు మన నీళ్ళు ఎదురింటి ముసలావిడ గడపలోకి పోతాయి. రేపు ఆవిడ మోకాలి లోతులో నిలబడి నీలాగే అరవాలా?" అంది బిల్యానా. "వాలు లోపలికే ఉండాలి. గేటుకి ఇవతల నీళ్ళు దిగే జాలీ పెడదాం. అందులో పడితే వాగులోకే."

'మన నీళ్ళు' అన్న మాట దగ్గరే యాసెన్ ఆగిపోయాడు. మిగతాదేదీ అతని చెవిన పడలేదు. ఆమె ఎలా చెప్తే అలా రాళ్ళు పేర్చాడు. అప్పటికి అతను పూర్తిగా ప్రేమలో మునిగి ఉన్నాడు. ఆ సంగతి చెప్పడానికి మాత్రం నోరు రాలేదు.

అలాంటి సమయంలో దూరాన ఉన్న మెల్నిక్ ఊరి నుంచి ఫోను వచ్చింది. చెక్కలన్నీ పోయాయన్న బెంగతో అతనే అక్కడి వైన్ కంపెనీని పని అడిగి ఉన్నాడు. పీపాల షెడ్డులో పర్మనెంటు ఉద్యోగం, సోమవారం వచ్చి చేరమన్నారు. వద్దు అని ఆమె ఒక్క మాట అంటే ఆగిపోవాలని నిశ్చయించుకుని వెళ్ళి చెప్పాడు.

బిల్యానా గేటు దగ్గర ఆఖరి రాళ్ళు కూరుస్తోంది. తల ఎత్తలేదు.

"మంచి ఉద్యోగం. వెళ్ళు."

"వెళ్ళనా?"

"నన్నడుగుతావేం? ఉద్యోగం నీది."

అని, అప్పుడే సరిగ్గా కూర్చున్న రాయిని పెకలించి మళ్ళీ కూర్చింది. ఎందుకలా చేసిందో అతనికి అర్థం కాలేదు. ఆమెకి తన మీద ఇష్టం ఏమీ లేదన్నది మాత్రం బాగా అర్థమైంది, తప్పుగా. ఆ రాత్రి బట్టలు సర్దుకున్నాడు.

సోమవారం పొద్దున సంచి భుజాన వేసుకుని గేటు దగ్గరికి వచ్చాడు. నేదా రాగి చెంబు నిండా నీళ్ళతో సిద్ధంగా ఉంది. పరీక్షకైనా, పెళ్ళికైనా, పనికైనా బయల్దేరేవాళ్ళ ముందు సందులో నీళ్ళు పోయడం అక్కడి ఆచారం. ఆ నీళ్ళు ఎంత సాఫీగా ముందుకు పారితే పని అంత సాఫీగా సాగుతుందని నమ్మకం.

"పిన్నీ, ఆ చెంబు ఇలా ఇవ్వండి. నేను పోస్తాను."

బిల్యానా! ఎప్పుడు వచ్చిందో. యాసెన్ గుండె జారి బూట్లలో పడింది. పొమ్మనడమే కాకుండా దగ్గరుండి సాగనంపుతుందా? ఇంత సరదాగా ఉందా తను పోతుంటే?

"పొయ్యి, బాగా పొయ్యి," అన్నాడు ఉక్రోషంగా.

ఆమె సందులోకి వెళ్ళలేదు. గేటుకి ఇవతలే నిలబడి చెంబు వంచింది. నీళ్ళు రాళ్ళ మీద ఒక్క క్షణం తటపటాయించి, వెనక్కి తిరిగి, అతని బూట్ల పక్క నుంచి ఇంటి వైపు పారి జాలీలో గలగలమంటూ దిగిపోయాయి.

"అయ్యయ్యో!" అంటూ నేదా శిలువ గుర్తు వేసుకుంది. "నీళ్ళు వెనక్కి మళ్ళాయే!"

"ఇక్కడ వాలు లోపలికి కదా! మర్చిపోయావా?" అన్నాడు యాసెన్ కంగారుగా.

"కొలిచింది ఎవరు?"

"నువ్వే."

"మరి నేను పోస్తే నీళ్ళు ఎటు పోతాయో నాకు తెలీదా?"

యాసెన్ జాలీ వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. మళ్ళీ జాలీ వైపే చూశాడు.

"తెలిసే పోశావా? అంటే... నా పని చెడిపోవాలనా?"

"ఒరే మొద్దూ!" నేదా నెత్తి కొట్టుకుంది. "నేనే అడిగేస్తాను ఉండు. ఏమే పిల్లా, వీడిని వెళ్ళొద్దంటున్నావా?"

బిల్యానా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గోడ మీద నుంచి పోట్లాడిన పిల్ల ఖాళీ చెంబు వైపు చూస్తూ మాట్లాడింది.

"వెళ్ళొద్దు అనడానికి నేనెవర్ని పిన్నీ? రేపు అక్కడ బాగుపడేవాణ్ణి ఇది చెడగొట్టింది అనుకుంటాడేమోనని భయం. నోటితో అనలేకపోయాను." అతని వైపు తిరిగింది. "నువ్వంటే నాకు ఇష్టం. ఉండమంటే ఉంటావా?"

కింద రోడ్డు మీద త్రొయాన్ ఊరికి వెళ్ళే బస్సు హారన్ కొట్టింది. మెల్నిక్ వెళ్ళాలంటే ముందు అదెక్కి ఆ ఊళ్ళో బస్సు మారాలి.

"నేలమాళిగ ఎండిపోయింది," అన్నాడు యాసెన్ మెల్లగా. "కొత్త చెక్క తెచ్చుకుంటే పీపాలు ఇక్కడే చెయ్యొచ్చు. వాళ్ళకి కావాలంటే లారీలో పంపిస్తా."

"నేను చెక్క సంగతి అడిగానా?"

బస్సు ఇంకోసారి హారన్ కొట్టి, కాసేపు చూసి, వెళ్ళిపోయింది.

యాసెన్ సంచి కింద పెట్టాడు. ఆమె చేతిలోని చెంబు తీసుకుని, కొళాయి దగ్గరికి వెళ్ళి నింపుకుని వచ్చాడు. గేటుకి ఇవతల, ఆమె నిలబడిన చోటే నిలబడి, ఆమె కాళ్ళ ముందు నీళ్ళన్నీ పోశాడు. అవీ ఇంటి వైపే పారాయి.

"ఇది నీకు," అన్నాడు. "లోపలికి రా."