గేటు దగ్గర ఎక్కం

"ఊదమ్మా, ఇంకా గట్టిగా. మధ్యలో ఆపకు," అంది వసుంధర.

కందకానికి అవతల నిలబడిన పైడమ్మ బుగ్గలు ఉబ్బించి రబ్బరు గొట్టంలోకి ఊదింది. గొట్టం ఈ కొస ఇనుప గేటుకి ఇవతల ఒక చెక్కపెట్టెలోకి దూరి ఉంది. పెట్టె మీద ఒక ముల్లు. ముల్లు సున్నా దగ్గరే నిలబడింది. వెంట్రుకవాసి కూడా కదలలేదు.

"ఈమెకి జబ్బు లేదు నాయుడు గారూ. గేటు తియ్యండి."

గేటు కాపలాదారు గౌరునాయుడు తాళాల గుత్తిని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. "నీ ముల్లు సంగతి నాకెందుకమ్మా? నిన్న పదిహేడు నాలుగులు అడిగితే నోరెళ్ళబెట్టింది. ఈవేళ ఏడు ఎనిమిదులు అడిగితే అరవై అంది. రేపటితో మూడో రోజు. రేపూ తప్పితే ఎటైనా పోవలసిందే. నియమం నియమమే."

జబ్బు లోకాన్ని ఊడ్చేసి అప్పటికి పద్దెనిమిదేళ్ళు. టీవీలున్న రోజుల్లో ఆ రోగుల్ని జాంబీలు అనేవారు. నాగావళి ఒడ్డున పాత చక్కెర ఫ్యాక్టరీలో తలదాచుకున్న రెండు వందల నలభై మందీ వాళ్ళని తూలుడుగాళ్ళు అనేవారు. ఫ్యాక్టరీ చుట్టూ ఎత్తయిన గోడ, గోడ చుట్టూ కందకం, కందకం మీద ఒకే చెక్క వంతెన, ఒకే గేటు. చెరకు పిప్పి తగలబెట్టి కరెంటు తీసేవారు. గోడ బయట పొలాల్లో చెరకూ చోళ్ళూ పండించుకునేవారు.

అయితే ఇన్నాళ్ళూ వాళ్ళని కాపాడింది గోడ కాదు, ఒక ప్రశ్న. ఆ జబ్బు సోకిన మనిషికి ముందుగా పోయేది అంకెల జ్ఞానం. జ్వరం బయటపడడానికి ఒకరికి వారం పడుతుంది, ఒకరికి నెల. లెక్క మాత్రం రెండో రోజే తప్పుతుంది. ఇది కనిపెట్టిన తొలి పెద్దలు నియమం పెట్టారు. బయటికెళ్ళి వచ్చినవాళ్ళు గేటు దగ్గర ఎక్కం చెప్పాలి. తప్పితే మూడు రోజులు అవతల చెరకు బళ్ళ దొడ్డిలో ఉండాలి. మూడో రోజూ తప్పితే ఎటైనా పోవాలి.

అందుకని ఆ ఊళ్ళో జోలపాట కూడా ఎక్కమే. పాలపళ్ళు ఊడని పిల్లలు పదమూడో ఎక్కం పాడేవారు. భయపడితే లెక్క తప్పే మంచి మనుషులు కూడా ఉంటారని ఎవరూ ఆలోచించలేదు. నియమం పెట్టుకోవడం మంచిదే. పెట్టుకున్నదాన్ని మళ్ళీ తూచి చూడకపోవడం మంచిది కాదు.

పైడమ్మ నియమం పుట్టకముందే లోపలికి వచ్చిన మనిషి. ఇన్నేళ్ళూ బాయిలర్ దగ్గర పిప్పి ఎత్తుకుంటూ బతికింది, గేటు దాటలేదు. ఈసారి చెరకు నరకడానికి మనుషులు చాలక ఆమెనీ పంపారు. తిరిగి వచ్చి గౌరునాయుడి ముఖం చూసేసరికి ఆమెకి వచ్చిన కాస్త లెక్కా ఎగిరిపోయింది.

వసుంధర ఆ ఫ్యాక్టరీ లాబ్‌లో ఒకప్పుడు చెరకు రసంలో తీపి కొలిచే కెమిస్టు. జబ్బు సోకిన ఒంట్లో ఒకరకమైన గ్యాస్ పుడుతుందనీ, అది ఊపిరితో బయటికి వస్తుందనీ ఆమె తెలుసుకుంది. తాగి బండి నడిపేవాళ్ళని పట్టుకోవడానికి పూర్వం పోలీసులు నోటి దగ్గర పెట్టే పరికరం ఉండేది కదా, ఇదీ అలాంటిదే. పెట్టెలో మందు పూసిన సన్నటి రేకు ఉంటుంది. ఆ గ్యాస్ తగిలితే రేకులో కరెంటు మారుతుంది, ముల్లు కదులుతుంది. ఏడేళ్ళు కష్టపడి చేసిన యంత్రం అది.

"ముల్లు తప్పు చెప్పదని ఏంటమ్మా నమ్మకం?" అన్నాడు గౌరునాయుడు.

"ఎక్కం తప్పు చెప్పదని మీకేం నమ్మకం?"

గేటు దగ్గర మూగిన జనం గొణుక్కున్నారు. గౌరునాయుడికి కోపం వచ్చింది. "అయితే ముందు నా ఊపిరి చూడు. తరవాత మాటాడు," అని గొట్టం లాక్కుని ఊదాడు.

ముల్లు ఒక్క గెంతులో ఎర్రగీత దాటి వణుకుతూ నిలబడింది.

జనం గొల్లున నవ్వారు. బెల్లం వండే తవుడు, "వసుంధరమ్మా, నీ పెట్టె పొద్దున్నే కల్లు తాగేసింది!" అన్నాడు.

గౌరునాయుడు నవ్వలేదు. ఛాతీ విరిచి పంతొమ్మిదో ఎక్కం మొదలుపెట్టాడు. పంతొమ్మిది ఆర్లు నూట పద్నాలుగు, పంతొమ్మిది ఏడులు నూట ముప్పై మూడు, ఎక్కడా తడబడకుండా పంతొమ్మిది పదులు నూట తొంభై దాకా చెప్పాడు. "విన్నారా? తప్పు చెప్పినదానికి జబ్బు లేదంట. ఒప్పు చెప్పినవాడికి ఉందంట. ఈ పెట్టెని పొయ్యిలో పెట్టండి."

వసుంధర కాసేపు ముల్లునే చూసింది. తర్వాత మెల్లగా అడిగింది. "నాయుడు గారూ, మీకు మూడు బెల్లం దిమ్మలు ఇచ్చాను. ఒకటి పైడమ్మకి పెట్టారు. ఇంకా మీ దగ్గర ఎన్ని ఉన్నాయి?"

"మూడు..." అన్నాడు గౌరునాయుడు. "పంతొమ్మిది మూళ్ళు యాభై ఏడు."

"అది కాదు. మూడు దిమ్మల్లో ఒకటి ఇచ్చేశారు."

"పంతొమ్మిది ఒకట్లు పంతొమ్మిది." అతని నుదుటి మీద చెమట పట్టింది.

కందకం అవతల నుంచి పైడమ్మ గొంతు వినబడింది. "ఆ బావు నాకు పెట్టడమేటమ్మా! మూడూ ఆయన కాడే ఉంటాయి."

ఇద్దరిలో బుద్ధి ఎవరికి సరిగ్గా ఉందో అందరికీ తెలిసిపోయింది.

"మనం ఎక్కాల్ని పద్దెనిమిదేళ్ళు పాటలా పాడాం," అంది వసుంధర. "ఇప్పుడవి లెక్కలు కావు, రాగం. జబ్బు ఆలోచనని తినేసి రాగాన్ని వదిలేస్తోంది."

గౌరునాయుడు చొక్కా చెయ్యి పైకి లాగాడు. మణికట్టు మీద ఎండిన గీరు. "కందకంలో వెదురు మేకులు సర్దుతుంటే తూలుడుగాడి గోరు తగిలింది. ఎన్ని రోజులయిందంటే..." ఆ పైన చెప్పలేకపోయాడు. గేటు దగ్గర అందరినీ అడిగేవాడు అతనే. అతన్ని అడిగినవాళ్ళు లేరు.

"నువ్వు లోపలే ఉండు మావా, మూల గది ఖాళీ చేస్తాం," అన్నాడు తవుడు.

"నోర్ముయ్. ఇన్నేళ్ళలో నేను ఎవరికి గది చూపించాను?"

తాళం తనే తీశాడు. వంతెన మీద పైడమ్మ ఎదురైంది. ఒకరికొకరు దారి ఇవ్వాలంటే పక్కకి ఒదగాలి. అతను ఒదిగాడు.

"లోనికెల్లాక గొళ్ళెం కాస్త పైకెత్తి వెయ్యి. లేకపోతే పడదు," అన్నాడు.

"అలాగే బావూ. నువ్వు దొడ్డిలో పడమటి పాకలో పడుకో. తూరుపు పాక కారతాది. రెండు రోజులు నాను తడిసినాను."

లాబ్‌లో ఐస్‌పెట్టె అడుగున ఆ జబ్బుకి ఇంజెక్షన్లు అది మొదలైన రోజుల నుంచీ ఉన్నాయి. జ్వరం రాకముందు వేస్తేనే పనిచేస్తాయి. జబ్బు లేనివాడికి వేస్తే ప్రాణం తీస్తాయి. ఎవరికి జబ్బు ఉందో ముందుగా రూఢిగా తెలిసే దారి లేక ఒక్కటీ వాడలేదు. ఇప్పుడు ముల్లు రూఢి చేసింది. వసుంధర వంతెన దాటి వెళ్ళి మొదటి సూది వేసింది. పైడమ్మ రోజూ పొద్దున్నే అంబలి తీసుకెళ్ళేది.

"ఉప్పు చాల్లేదు," అనేవాడు గౌరునాయుడు.

"దొడ్డిలో ఉన్నోలికి ఉప్పెక్కడిది బావూ? నాకు మంచినీల్లే ఇచ్చినావు," అనేది పైడమ్మ. మర్నాడు మాత్రం ఉప్పు వేసేది.

పదకొండో రోజున అతను ఊదితే ముల్లు కదలలేదు. పద్దెనిమిదేళ్ళలో ఆ జబ్బు నుంచి వెనక్కి వచ్చిన మొదటి మనిషి అతను. బాయిలర్ కూత వేసి ఊరంతా పండగ చేసుకుంది. కాని మందు వల్ల వచ్చిన జ్వరంలో అంకెలతోపాటు ఎక్కాల రాగం కూడా కరిగిపోయింది. చేతి వేళ్ళు ఎన్నో చెప్పలేకపోయాడు. పాత నియమమే ఉండి ఉంటే అతనికి ఆ గేటు ఇక ఎన్నటికీ తెరుచుకునేది కాదు.

మర్నాడే వసుంధర పెట్టెకి తోలు పట్టీలు కుట్టించింది. బయటికి వెళ్ళగొట్టినవాళ్ళలో బతికున్నవాళ్ళని వెతకాలి. జబ్బు లేనివాళ్ళని లోపలికి తేవాలి, ఉన్నవాళ్ళకి సమయానికి సూది వెయ్యాలి. తవుడు, పైడమ్మ, మరో నలుగురు కత్తులు నూరుకున్నారు. గౌరునాయుడు తనూ వస్తానని వంతెన దగ్గర కూర్చున్నాడు.

"మొత్తం ఎంతమందిని పంపేశారు నాయుడు గారూ?" అంది వసుంధర, కాగితం తీసి.

అతను వేళ్ళు ముడిచాడు, విప్పాడు. మళ్ళీ ముడిచాడు.

"ఎంతమందో చెప్పలేనమ్మా. పేర్లు చెబుతాను, రాసుకో. ఒక్కటీ మరవలేదు. ముందు కుమ్మరి ఎర్రయ్య. వానలో వణుకుతూ వచ్చాడు. ఏడు తొమ్మిదులు అడిగాను. మూడు రోజులూ అరవై ఒకటే అన్నాడు."

గౌరునాయుడు తలెత్తాడు. "అది తప్పేనా అమ్మా?"

వసుంధర ఎర్రయ్య పేరు రాసింది. "తరవాత?" అంది.