మంచు కరగ్గానే వచ్చేస్తా!

"ఎలీసా! నీ సెలవు ఇప్పుడు కుదరదు. ఖలాస్!"

మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, ఆ మాట కోపంగా అనలేదు, ఏడుస్తూ అంది. అక్కడే వచ్చింది చిక్కంతా... కోపంగా అని ఉంటే ఎలీసమ్మ కూడా ఎదురు ఒక మాట అనగలిగేది! కువైట్‌లో, జాబ్రియాలోని ఆ మూడంతస్తుల ఇంట్లో హాలు నిండా పెట్టెలు తెరిచి ఉన్నాయి. లండన్‌లో చదువుకుంటున్న కొడుకు ఫహద్‌కి కారు ప్రమాదం జరిగిందట, మర్నాడే ఆపరేషనట. మామా, ఆమె భర్త, మిగిలిన పిల్లలు అందరూ ఆ సాయంత్రమే విమానం ఎక్కుతున్నారు. ఇంట్లో మిగిలేది మామా అత్తగారు. ఎనభై రెండేళ్ళ మనిషి, అందరూ ఆవిణ్ణి మామా కబీర అంటారు, పెద్దమామా అన్నమాట. ఆవిడకు చూపు పోయి నాలుగేళ్ళయింది. ఎలీసమ్మ చేతి ముద్ద తప్ప ఇంకెవరు పెట్టినా నోరు తెరవదు. "మేం తిరిగొచ్చేదాకా ఆవిడ నీ చేతుల్లో ఉంటుంది. నువ్వూ తల్లివేగా ఎలీసా..." అంటూ మామా ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

తల్లే! తల్లి కాబట్టే కదా ఆర్నెల్ల క్రితమే సెలవు అడిగి పెట్టుకుంది! ఒక్కగానొక్క కూతురు మెర్సీకి తొలిచూలు. ఇక్కడే, కువైట్‌లోనే, ఎగైలాలో ఒక క్లినిక్‌లో నర్సుగా చేస్తోంది మెర్సీ. వచ్చే శుక్రవారం తల్లీకూతుళ్ళిద్దరూ ఒకే విమానంలో పక్కపక్కన కూర్చుని వెళ్ళాలనుకున్నారు. అది దాటితే ఇంత నిండు కడుపుతో విమానం ఎక్కనివ్వరు. రాజోలు దగ్గర ఊళ్ళో తాళం వేసి ఉన్న రెండు గదుల ఇల్లు తెరిచి, సున్నం కొట్టించి, కూతురికి తన చేతులతో పురుడు పోయాలని ఎలీసమ్మ ఎన్ని రాత్రులు మోకాళ్ళ మీద ప్రార్థన చేసిందో ఆ దేవుడికే తెలుసు. కానీ ఫహద్ ఎవరు? ఆమె చంకనెక్కి పెరిగినవాడు. ఆమె పాట వింటేగానీ నిద్రపోని పసివాడు. వాడి తల్లి చేతులు పట్టుకుని ఏడుస్తుంటే విదిలించుకోవడానికి గుండె రాయి కావాలి. ఎలీసమ్మ తల ఊపింది. ఊపిన తర్వాత గాని తను ఏం చేసిందో తనకు తెలియలేదు.

వంటింట్లోకి వెళ్ళి మెర్సీకి ఫోను చేసింది.

"తల్లీ... నేను శుక్రవారం రాలేనే. పెద్దామెను ఒక్కదాన్నీ వదిలేసి ఎలా వత్తాను? వాళ్ళు తిరిగిరాగానే, మొదటి విమానానికే..."



"ఈసారి ఏంటమ్మా? మంచు పడిందా?" అంది మెర్సీ. "దారులు మూసుకుపోయాయా? కరగ్గానే వచ్చేస్తావా?"

"అమ్ములూ! అలా అనకే..."

"వాళ్ళ పిల్లలకి నువ్వు తల్లివి, వాళ్ళ ముసలామెకి కూడా తల్లివి. నాకేమో ఫోన్లో గొంతువి! నాకు పురుడు మా అత్తగారు పోస్తారులే. అమ్మ లేని పిల్ల అని ఊళ్ళో అందరికీ చెప్తా. నువ్వు మాత్రం హాయిగా సినిమాలు చూసుకో!"

ఫోను పెట్టేసింది. కూరకని తరిగిన ఉల్లిపాయలు ఎదురుగా ఉన్నాయి కాబట్టి డ్రైవర్ ఖాజా హుస్సేన్ లోపలికి తొంగిచూసినప్పుడు ఎలీసమ్మ కారణం వెతుక్కోనక్కర్లేకపోయింది.

మంచు సంగతి మెర్సీ ఉత్తినే అనలేదు. దాని వెనకాల ఇరవై ఏళ్ళ కథ ఉంది.

భర్త సుందరరాజు చనిపోయిన ఏడాదే, ఏడేళ్ళ మెర్సీని తన తల్లి దగ్గర వదిలి ఎలీసమ్మ ఈ ఇంట్లో అడుగుపెట్టింది. ఈ ఇంటివాళ్ళు ఎండాకాలం దేశాలు తిరగడానికి పోతారు, అందుకని ఆమె సెలవులన్నీ ఎండాకాలంలోనే. డిసెంబరులో ఇల్లు నిండుగా ఉంటుంది, కదలడానికి వీల్లేదు. అలా ఇరవై క్రిస్మస్‌లు ఈ ఇంట్లోనే గడిచిపోయాయి. ఆ డిసెంబరు మధ్యాహ్నాల్లో ఆమెకు తోడు మామా కబీర, ఆవిడ టీవీ. ఒక చానెల్లో నెలంతా క్రిస్మస్ ప్రేమ సినిమాలే వేస్తారు. పెద్దామెకు క్రిస్మస్‌తో ఏం పని? ఆవిడకు మంచంటే పిచ్చి. ఏసీలు లేని రోజుల్లో పుట్టిన మనిషి... తెర మీద మంచు పడుతుంటే ఒళ్ళు చల్లబడుతుందనేది. మాటలేమో ఇంగ్లీషు, కింద రాతలేమో అరబ్బీ. ఈమెకు ఇంగ్లీషు రాదు, ఆవిడకు చదువు రాదు. అయినా ఒక్క సినిమా కూడా అర్థం కాకుండా పోలేదు! అన్నీ ఒకటేగా మరి! పట్నంలో పెద్ద ఉద్యోగం చేసే పిల్ల పండక్కి సొంతూరు వస్తుంది. ఊళ్ళో కట్టెలు కొట్టుకునే కుర్రాడొకడు ఉంటాడు. మూతబడబోయే కేకుల కొట్టొకటి ఉంటుంది. కాసేపట్లో అయిపోతుందనగా ఇద్దరూ పోట్లాడుకుంటారు. పై నుంచి మంచు పడుతుంది, అంతా కలిసిపోతారు. ముద్దు దగ్గరికి వచ్చేసరికి మామా కబీర ముసుగు కొంగు కళ్ళకడ్డం పెట్టుకునేది, ఎలీసమ్మ "స్తోత్రం" అనుకుంటూ కప్పు కేసి చూసేది. కానీ ఆఖర్న ఇంటి తలుపు తెరుచుకుని తల్లి కూతుర్ని గుండెలకు హత్తుకునే చోట మాత్రం ఇద్దరూ కళ్ళు తిప్పుకునేవారు కాదు. ఏడ్చి, ముక్కులు చీదుకుని, మళ్ళీ రేపటి సినిమా కోసం ఎదురుచూసేవారు. ఆఖర్న అందరూ ఇల్లు చేరతారని ముందే తెలిసిన కథలో ఉన్న సుఖం, ఇల్లు చేరలేనివాళ్ళకే తెలుస్తుంది.

ఆ మొదటి డిసెంబరులోనే చిన్నారి మెర్సీ ఫోన్లో అడిగింది. "అమ్మా! అందరి అమ్మలూ ఉన్నారు. నువ్వు క్రిస్మస్‌కి రావా?" ఏం చెప్పాలో తోచక, ఎదురుగా తెర మీద కనబడుతున్నదే చెప్పేసింది ఆ పిచ్చితల్లి. "ఇక్కడ మంచు పడిపోయిందే తల్లీ! దారులన్నీ మూసుకుపోయాయి. ఎంతెత్తు అనుకున్నావు... మంచు కరగ్గానే వచ్చేత్తాను!" పిల్ల సంబరపడిపోయింది. ఏడుపు మానేసి మంచు గురించి అడిగింది. ఎలీసమ్మ కూడా ఆగలేదు. దీపాలు చుట్టిన చెట్టు, మిఠాయి ఇల్లు, గుర్రబ్బండి అన్నీ చెప్పుకుపోయింది. ఊరెళ్తున్న పక్కింటి పనిమనిషి వెంకటదుర్గ చేతికిచ్చి ఎర్ర ఉన్ని టోపీ కూడా పంపింది, మంచులో పెట్టుకునేలాంటిది. కోనసీమ ఉక్కలో ఆ టోపీ పెట్టుకుని, చెమటలు కారుతుంటే, మెర్సీ గుడికి వెళ్ళి అందరికీ చెప్పింది. సండే స్కూలు టీచరమ్మ నవ్వేసింది. "కువైట్‌లో మంచేంటమ్మా? అది ఎడారి!" పిల్లలంతా ఆ పిల్లకు మంచు మెర్సీ అని పేరు పెట్టేశారు. అయినా అది నమ్మలేదు... ఫిబ్రవరి దాకా మంచు కరుగుతుందని వీధి గుమ్మంలో కూర్చుని ఎదురుచూసిందట! ఆ సంగతి పెళ్ళప్పుడు గాని మెర్సీ నోట బయటపడలేదు. చల్లారిపోయిందనుకున్న నిప్పు బూడిద కింద అలాగే ఉంది.

ఈ డిసెంబరు ఇరవై నాలుగో తారీకు మధ్యాహ్నం. బయట దుమ్ముగాలి కిటికీలకు కొడుతోంది. ఎలీసమ్మ నేల మీద కూర్చుని మామా కబీర పాదాలకు నూనె రాస్తూ, టీవీ చూస్తూ, తనకొచ్చిన వంటింటి అరబ్బీలో కథ చెబుతోంది. చూపు పోయినా ఆవిడకు సినిమా మీద మోజు పోలేదు మరి.

"మెర్సీ బండి దిగింది మామా. ఎర్ర కోటు వేసుకుంది. ఇంటి ముందు నిలబడింది, లోపలికి రావడానికి సందేహిస్తోంది..."

"వాళ్ళమ్మ చూసిందా?"

"ఇంకా లేదు. వంటింట్లో ఉంది. మంచు బాగా పడుతోంది."

"ఈ మెర్సీ ఎప్పుడూ ఆలస్యమే! పోయిన సినిమాలోనూ ఇంతే," అని విసుక్కున్న పెద్దామె చటుక్కున తల పక్కకు తిప్పింది. "ఎవరది? గుమ్మంలో ఎవరో నిలబడి ఏడుస్తున్నారు."

ఎలీసమ్మ వెనక్కి తిరిగింది. గుమ్మంలో మెర్సీ! నిండు కడుపు మీద ఒక చెయ్యి వేసుకుని, రెండో చేతిలో ఆ ఎర్ర ఉన్ని టోపీ పట్టుకుని నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి నిలబడిందో! వెనకాల ఖాజా హుస్సేన్ నసుగుతున్నాడు. "అక్కా, నీ బిడ్డంట. గేటు కాడ్నే నిలబడుకోనుంటే నేనే పిల్చుకోనొచ్చినా." అని చెప్పి తప్పుకున్నాడు.

"ఇది నీకిచ్చేసి పోదామని వచ్చా," అంది మెర్సీ. చూపు తెర మీదికి పోయింది. "అమ్మా... ఆ అమ్మాయి పేరు మెర్సీ కాదు. జెన్నీ అంటున్నారు వాళ్ళు."

"మాకేం తెలుత్తాదే ఇంగ్లీషు?" ఎలీసమ్మ నూనె చేతులు కొంగుకు తుడుచుకుంది. "మాకు ఆ పిల్లెప్పుడూ మెర్సీయే."

"ఎప్పుడూనా?"

"ఇరవయ్యేళ్ళుగా... అన్ని సినిమాల్లోనూ. ఇంటికొచ్చే పిల్లకి ఇంకేం పేరు పెట్టనే?"

క్లినిక్‌లో నేర్చుకున్న అరబ్బీ మెర్సీకి ఈ రోజు పనికొచ్చిందో, పగబట్టిందో! ఏదో అనబోయింది. ఇంతలో మామా కబీర గాలిలో చెయ్యి చాచింది. "మెర్సీ అన్నావా? సినిమా మెర్సీయేనా? ఇంటికి వచ్చేసిందా?" ఈ మధ్య ఆవిడకు మతి కూడా కాస్త అటూ ఇటూ అవుతోంది. వెతుక్కుంటూ వచ్చిన ఆ ముడతల చెయ్యి మెర్సీ మణికట్టు పట్టుకుంది. "ఇంత ఆలస్యమేంటమ్మా? మీ అమ్మ ఎంతగా ఎదురుచూస్తోందో! దారిలో మంచు ఎక్కువగా ఉందా?"

ఎలీసమ్మ చటుక్కున తలెత్తి కూతురి మొహం కేసి చూసింది. అయ్యో దేవా! అడక్క అడక్క ఆ మాటే అడగాలా! ఇప్పుడు ఆ పిల్ల చేయి విదిలించుకుని పోతుంది... ఇంక ఈ జన్మకు మొహం చూపించదు!

మెర్సీ చేతిలోని టోపీ కేసి చూసింది. నేల మీద కూర్చున్న తల్లి కేసి చూసింది. తల్లి జుట్టు ముందంతా నెరిసిపోయింది, వేళ్ళు సబ్బు నీళ్ళకు చీలికలు పారి ఉన్నాయి. మెల్లగా పెద్దామె ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"వాయిద్ తల్జ్, మామా," అంది. చాలా మంచు మామా. "దారులన్నీ మూసుకుపోయాయి... అందుకే ఆలస్యమైంది."

అంతే! కూతురు తల్లి ఒడిలో కూలబడిపోయింది. "నిన్ను చాలా మాటలన్నానమ్మా... నువ్వెక్కడో మంచులో పండగ చేసుకుంటున్నావనుకున్నా... ఎడారని తెలిశాక నన్ను మోసం చేశావనుకున్నా... ఇదా అమ్మా నీ పండగ! ఇదా!" ఎలీసమ్మ ఆమె తలను గుండెలకు హత్తుకుంది. ఎడారిలో పడని మంచంతా ఆ రోజు వాళ్ళిద్దరి కళ్ళల్లో కరిగి కారింది.

"పురుడెలాగూ పోయలేను," అంది ఎలీసమ్మ చివరికి. "తలకి నూనన్నా పెట్టనీవే." కూతుర్ని ముందు కూర్చోబెట్టుకుని, పెద్దామె పాదాలకని వేడిచేసిన నూనెనే మాడున పెట్టి మర్దించింది. నడుముకు రాసింది. అల్లుడు కిరణ్ కుమార్‌కి చెప్పాల్సిన జాగ్రత్తలు, అత్తగారికి చెప్పాల్సిన పథ్యాలు, బిడ్డకు పాలు పట్టే తీరు అన్నీ గబగబా చెప్పింది. చెప్పిందే మళ్ళీ చెప్పింది. నెల రోజులు నింపాదిగా చేయాల్సిన పురుడు ఒక్క గంటలో చేసేసింది ఆ తల్లి! మెర్సీ కళ్ళు మూసుకుని అన్నిటికీ ఊ కొట్టింది. మామా కబీర వాళ్ళ మాటలు అర్థం కాకపోయినా చెవులు రిక్కించి విన్నది.

వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి, నేల మీద పడి ఉన్న టోపీని మెర్సీ మళ్ళీ తీసుకుంది.

"ఇచ్చేత్తానన్నావు కదే?"

"ఉండనీమ్మా. అమ్మమ్మ ఊళ్ళో మంచు పడుతుందని చెప్తే, రేపు వీడు రుజువు అడగడూ!" కడుపు మీద చెయ్యి వేసుకుని నవ్వబోయింది, కుదరలేదు. "రోజూ ఫోన్ చెయ్యి. వాడి చెవి దగ్గర పెడతా... నాకు చెప్పినవన్నీ చెప్పు."

ఖాజా హుస్సేన్ బండి మలుపు తిరిగేదాకా ఎలీసమ్మ గేటు దగ్గరే నిలబడింది. శుక్రవారం ఆ విమానంలో తను కూర్చోవలసిన సీటులో ఎవరో కూర్చుంటారు. బిడ్డ తొలి ఏడుపు ఎవరి చేతుల్లోనో వినబడుతుంది. అది ఇంక మారదు. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని లోపలికి వచ్చి, మామా కబీర కాళ్ళ దగ్గర తన చోట్లో కూర్చుంది. తెర మీద పేర్లు పడుతున్నాయి.

"అయిపోయిందా? చివర చెప్పనే లేదు," అంది పెద్దామె. "వాళ్ళమ్మ కూతురితో వెళ్ళిందా?"

ఇరవై ఏళ్ళుగా ప్రతి కథనూ కలిపి ముగించిన ఎలీసమ్మ ఈసారి అలా కలపలేదు.

"లేదు మామా. వాళ్ళమ్మ ఉండిపోయింది."

"అయ్యో!" ఆవిడ చెయ్యి తడుముకుంటూ వచ్చి ఎలీసమ్మ తల మీద ఆగింది. "మరి కూతురికి కోపం వచ్చిందా?"

"రాలేదు మామా."

మామా కబీర తృప్తిగా నిట్టూర్చి దిండుకు చేరగిలపడింది.

"అయితే మంచి సినిమాయే," అంది.