ముఖం దగ్గరి వెలుతురు

ఊర్మిళ పొద్దున్నే రెండు గ్లాసుల్లో చాయ్ పోసి, ఒకటి మేడ మెట్ల మీద పెట్టింది. కాసేపటికి భర్త శ్రీనివాస్ రావు దిగి వచ్చి గ్లాసు తీసుకుని మళ్లీ పైకి వెళ్లిపోయాడు. ఎరువుల దుకాణం తమ్ముడి కొడుక్కి అప్పగించినప్పటి నుంచి సిరిసిల్లలోని ఆ ఇంట్లో పొద్దు ఇలాగే మొదలవుతోంది. వీధి చివర బట్టలు నేసే సాంచాలు నడవడం మొదలైతే, ఆ చప్పుడే ఆమెకు తోడు.

ఈ రోజు కూతురు భవ్య కోరుట్ల నుంచి కారులో వస్తోంది. అక్కడ కాలేజీలో పాఠాలు చెబుతుంది. చంటిపిల్లను చూసుకోవడానికి తల్లిని తీసుకుపోతానంది. కొన్నాళ్ల కోసమేనని అందరూ అనుకుంటున్నారు. ఊర్మిళ మాత్రం స్వెటరు, దేవుడి పటం కూడా సర్దుకుంది.

మేడ మీద శ్రీనివాస్ రావుకు తండ్రి వదిలిపోయిన పాత సినిమా కెమెరా ఉంది. పాత గడియారంలా కీ ఇస్తే నడిచేది. ముంబయి నుంచి రీలు తెప్పించి తీస్తాడు. తీసిన రీలును ముంబయి వాళ్లే కడిగి, బొమ్మను ఫోనుకు పంపుతారు. కెమెరాతో పాటు అరచేతిలో పట్టేంత మీటరు ఒకటుంది. వెలుతురు ఎంతుందో అందులో సూది చూపిస్తుంది. దాన్ని బట్టి లెన్సు తిప్పాలి. కొలత తప్పితే బొమ్మ నల్లబడుతుంది, లేదా తెల్లగా మాసిపోతుంది.

పాపను కోరుట్లలోనే పక్కింటామెకు అప్పజెప్పి భవ్య పదింటికల్లా వచ్చింది. టిఫిన్ తింటూ అడిగింది.

"డాడీ, కొత్త రీలు వచ్చిందట గదా. టీవీల పెట్టు, అమ్మ గూడ చూస్తది."

టీవీలో సున్నం గోడ తళతళా మెరిసింది. మల్లె తీగ ఆకులు వేటికవే కనిపించాయి. వరండా నీడలో ఎవరో కూర్చుని బియ్యం చెరుగుతున్నారు.

"గీ నల్ల మనిషి ఎవరు?" అంది ఊర్మిళ.

భవ్య నవ్వింది. "నువ్వేనమ్మా. చేట పట్టుకున్నవ్ గదా."

"చేట మంచిగనే కనవడ్తంది. మొఖమే లేదు."

"నువ్వు నీడల కూసున్నవ్," అన్నాడు శ్రీనివాస్ రావు. "తెల్ల గోడ ఎదురుంగ ఉంటె మీటరు గట్లనే చూపెడ్తది."

"ఏడ నిలవడి చూసిన్రు?"

"గేటు కాడ."

"మనిషి మొఖం కాడ పెట్టి చూడాలె డాడీ," అంది భవ్య. "ముంబయాయన ఫోన్ల చెప్పంగ నేను విన్న గదా."

"మా నాన్న ఎన్నడు గట్ల చూడలే."

గంభీరావుపేటలో ఆయన తండ్రి దొర. నాట్లేసే వాళ్లనూ, బండ్లు తోలే వాళ్లనూ అరుగు మీద కుర్చీలో కూర్చునే తీసేవాడు. మీటరు పట్టుకుని కూలివాళ్ల ముఖాల దాకా దిగిపోవడం ఆ ఇంటి మర్యాద కాదు. ఆ రీళ్లలో ఎడ్ల కొమ్ములు కూడా మెరుస్తాయి, మనుషులకు మాత్రం ముఖాలుండవు. సినిమా అంటే అలాగే ఉంటుందని చిన్నప్పుడు శ్రీనివాస్ రావు నమ్మాడు.

"మీ నాన్న తీసిన కూలోళ్లయి గూడ మొఖాలేనండీ," అంది ఊర్మిళ. "నేనైతే ఇంట్ల మనిషిని. ముంబయాయన చెప్పినంక గూడ దగ్గరికి రాలేదా?"

"అలవాటు లేదు."

"ఏది అలవాటుంది మీకు? తిన్నవా అని అడుగుడా, పక్కన కూసునుడా? నేను పోతున్న. ఇగ రాను."

భవ్య చేతిలో ముద్ద ఆగిపోయింది. "ఇగ రావా? నాకెందుకు చెప్పలేదమ్మా?"

"ఎవరడిగిన్రు?"

శ్రీనివాస్ రావు పైకి వెళ్లిపోయాడు. తల్లీకూతుళ్లు సంచులు కార్లో పెట్టారు. ఊర్మిళ చెప్పులు వేసుకుంటుండగా ఆయన కెమెరా, మీటరు పట్టుకుని దిగాడు.

"ఇప్పుడు గూడ షూటింగేనా డాడీ?" అంది భవ్య, కారు తలుపు పట్టుకుని.

ఆయన కెమెరా అరుగు మీద పెట్టేశాడు. ముఖం మీద పడే వెలుతురును కొలవడానికి మీటరుకు తెల్ల బుడిపె తొడిగి, ఊర్మిళ చెంప పక్కన పట్టుకున్నాడు. సూది చూడాలంటే తల వంచాలి. వంచాడు. ఆమె కనుబొమ్మ మీద మానిపోయిన కుట్ల గీత కనిపించింది.

"ఇదేంది?"

"కుట్లు."

"ఎప్పుడు పడ్డయ్?"

"వానలప్పుడు. బాత్రూంల జారిన. ఆటోల పోయి ఏయించుకున్న."

"నేనేడున్న?"

"మేడ మీదనే ఉన్నరు."

ఆయన మళ్లీ మీటరు కేసి చూశాడు.

"సూది కనవడ్తలేదు ఊర్మిళా," అన్నాడు. కళ్లు నిండిపోయాయి. మీటరు పక్కన పెట్టి, వేలి కొసతో ఆ గీతను తాకాడు. "నొప్పి ఉన్నదా?"

"అప్పుడుండె."

ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"నేను గూడ కోరుట్లకు వస్త," అన్నాడు.

"ఆడ ఏం జేస్తరు?"

"పాపను ఎత్తుకుంట. నీకు జర చేతులు ఖాళీ అయితయ్."

"ఎత్తుకునుడు వస్తదా మీకు? కన్నబిడ్డనే ఎన్నడు ఎత్తుకోలే."

శ్రీనివాస్ రావు కారు దగ్గర నిలబడ్డ కూతురి వైపు చూశాడు. భవ్య ముఖం తిప్పుకుంది.

"రాదు," అన్నాడు. "నేర్పియ్యి."

ఊర్మిళ ఏడుస్తూనే నవ్వింది. "బట్టలు తెచ్చుకోండ్రి పోయి. గీ గరుకు అంగి వద్దు, మెత్తటియి తెచ్చుకోండ్రి. పసిపిల్లకు గుచ్చుకుంటది."

భవ్య కళ్లు తుడుచుకుని, వెనక సీటు మీది సంచులు దించి డిక్కీలో పెట్టింది.