మీ అమ్మ కూడా చేయగలదు

కళ్ళద్దాల దుకాణం పైనున్న ఆ రెండు గదుల ఆఫీసుకి వచ్చేవాళ్ళు సాధారణంగా ముందు కూర్చుంటారు, తరువాత ఏడుస్తారు. ఆ సాయంత్రం వచ్చినావిడ కూర్చోలేదు, ఏడవనూ లేదు. కుర్చీ వీపుని రెండు చేతులతో పట్టుకుని, "నేనొక మనిషిని అనుమానిస్తున్నాను. నా అనుమానం తప్పని మీరు రుజువు చేయాలి," అంది.

డిటెక్టివ్ చేతిలోని పెన్ను పక్కన పెట్టింది. నలభై దాటిన మనిషి, మాట తక్కువ. ఆ లోటు పూడ్చడానికి సహాయకుడున్నాడు. బ్యాంకులో క్యాషియరుగా రిటైరై, ఇంట్లో తోచక ఈ పనిలో చేరిన ఆయన్ని అందరూ ఇంకా క్యాషియరు గారనే అంటారు. డిటెక్టివ్ తుమ్మినా అందులో ఏదో ఆధారం ఉంటుందని ఆయన నమ్మకం.

"ఎవరా మనిషి?" అని అడిగింది డిటెక్టివ్.

"మా తమ్ముడు." ఆ మాట బయటికొచ్చాక అప్పుడు కూర్చుంది.

కంపెనీలో అందరూ ఆవిణ్ణి అక్క అనే పిలుస్తారు కాబట్టి మనమూ అలాగే అందాం. వెబ్‌సైట్లు తయారుచేసుకునే సాధనం ఒకటి తమ్ముడు తయారుచేస్తాడు, అక్క అమ్ముతుంది. సోమవారం దాని కొత్త రూపం విడుదల. దాని ప్రకటన పేజీలు మాత్రం జనం చూడడానికి ముందే పెట్టేశారు.

"సరుకు ఒకటే, కానీ మూడు గుంపులకి మూడు రకాలుగా చెబుతాం," అంది అక్క. "చేయి తిరిగిన ప్రోగ్రామర్లకి నల్ల పేజీ. నవ్వే మనుషుల ఫొటోలు పెడితే వాళ్ళు మొహం తిప్పుకుంటారు. గొప్పదని రాస్తే తప్పులు వెతుకుతారు. అందుకని, లోపలేముందో మీరే విప్పి చూసుకోండి అంటాం. డిజైనర్ల పేజీలో అన్నీ రంగులూ బొమ్మలే, మాటలు తక్కువ. ఇక కొత్తగా నేర్చుకునేవాళ్ళున్నారు. వాళ్ళకి భయం. అది పోగొట్టాలని వాళ్ళ పేజీ మీద పెద్ద అక్షరాలతో రాయించాను. 'ఎంత సులువంటే, మీ అమ్మ కూడా చేయగలదు' అని."

క్యాషియరు గారు నవ్వారు. డిటెక్టివ్ నవ్వలేదు.

"ఆ వాక్యం మాయమవుతోంది. మళ్ళీ పెట్టిస్తే మళ్ళీ పోతోంది. ఇప్పటికి మూడుసార్లైంది."

"మిగతా రెండు పేజీల సంగతి?"

"వాటి జోలికి ఎవరూ వెళ్ళలేదు. ఎవరు ఏం మార్చినా మా సిస్టమ్‌లో జాడ ఉంటుందండీ. ఈ మూడుసార్ల జాడా ఎవరో తుడిచేశారు. అలా తుడవగలిగేది మా ఆఫీసులో వాడొక్కడే. పోయినవారం మెట్ల మీద ఫోన్లో మాట్లాడుతుంటే విన్నాను. అవతల మా పోటీ కంపెనీవాళ్ళు. నన్ను చూసి పెట్టేశాడు."

"తమ్ముణ్ణే అడగొచ్చుగా?" అన్నారు క్యాషియరు గారు.

"వాడికి నడక నేర్పింది నేనండీ. అడిగాక వాడు కాదని తేలితే, ఏ మొహం పెట్టుకుని మాట్లాడను? అలాగని ఊరుకోనూ లేను, అంతమంది మమ్మల్ని నమ్ముకుని ఉన్నారు. రేపటికి తేలకపోతే వాడి దగ్గర పాస్‌వర్డులన్నీ తీసేసుకుంటాను. ఆ తరవాత వాడు నా దగ్గర ఉండడు. అది నాకు తెలుసు."

"ఆ వాక్యం ఎవరికి నచ్చలేదు?" అని అడిగింది డిటెక్టివ్.

"మా దగ్గర ప్రకటనలు రాసే అతను, కవి అంటాం, ముందు వేరే వాక్యం రాశాడు. అది తీయించానని అలిగాడు. తమ్ముడు నవ్వి ఊరుకున్నాడు. అమ్మ కూడా ఏదో అంది, నేను ఫోన్లో ఉన్నాను."

"అమ్మగారు ఆఫీసుకి వస్తారా?"

"కొత్తవాళ్ళు సందేహాలు అడుగుతుంటారు. వాటికి జవాబులు రాసేది అమ్మే. ఆ సహాయం భాగం కూడా ఈ పేజీలోనే ఉంటుంది."

మర్నాడు పొద్దున డిటెక్టివ్, క్యాషియరు గారు ఆ ఆఫీసుకి వెళ్ళారు. మేడ మీద ఒకే పొడవాటి హాలు. గోడ వారన టీ షర్టుల కట్టలు మూడు. నల్లవి ప్రోగ్రామర్ల సభల్లో పంచడానికి, రంగురంగులవి డిజైనర్లకి, తెల్లవి కొత్తవాళ్ళకి. నల్ల షర్టు మీద కంపెనీ పేరు ఎక్కడుందో కనిపెట్టడానికి క్యాషియరు గారు కళ్ళజోడు తుడుచుకోవలసి వచ్చింది. పెద్దగా రాస్తే ఆ గుంపువాళ్ళు వేసుకోరట.

వాక్యం పోయిన ప్రతిసారీ అక్క తన ఫోన్లో పేజీని ఫొటో తీసి ఉంచింది. డిటెక్టివ్ మూడు ఫొటోలూ పెద్దవి చేసి చూసి, ఫోన్ క్యాషియరు గారికి అందించింది. వాక్యం ఉండాల్సిన చోట ఖాళీ లేదు. కిందున్న బొమ్మని పైకి జరిపి ఆ ఖాళీని కప్పేశారు. మూడుసార్లూ బొమ్మ కాస్త ఎడమకి ఒరిగే ఉంది.

ముందుగా తమ్ముడి దగ్గరికి వెళ్ళారు. గడ్డం మాసిన, మెతక చూపుల కుర్రాడు.

"ఈ బొమ్మని పైకి జరపాలంటే మీరేం చేస్తారు?"

"నేను జరపనండీ. అంకె మారుస్తాను." అతను కీబోర్డు మీద ఏదో కొట్టాడు. బొమ్మ వెళ్ళి గీత గీసినట్టు సరిగ్గా కూర్చుంది. అతని మౌస్ మీద కాగితాలు పేరుకుని ఉన్నాయి.

"జాడలు తుడిచిందెవరు?"

"తెలీదండీ," అన్నాడు కీబోర్డు వైపే చూస్తూ.

"పోటీ కంపెనీవాళ్ళు ఫోన్ ఎందుకు చేశారు?"

"అది మా ఇంటి విషయమండీ."

కవి మాత్రం అడగక ముందే మొదలుపెట్టాడు. "నన్నే అనుమానిస్తారని తెలుసు. కోపం వచ్చిన మాట నిజమే. 'మొదటి అడుగు మాతో వేయండి' అని రాశాను. దానికేం తక్కువ? అయినా ఆ వాక్యం నేనే తీసుంటే, అక్కడ నాది పెట్టుకోనా? ఉత్త పుణ్యానికి చోటు వదులుకుంటానా?"

అమ్మ కిటికీ పక్క బల్ల దగ్గర ఉంది. "ఒక్క నిమిషమమ్మా, ఎవరో పిల్లకి బొమ్మ పెట్టడం రావట్లేదట, చేసి చూపిస్తున్నాను," అని మౌస్ గట్టిగా పట్టుకుని, నాలుక కొస పళ్ళ మధ్య బిగించి, ఒక బొమ్మని మెల్లగా లాక్కుంటూ పైకి తెచ్చింది. చెయ్యి వణికి అది కొంచెం పక్కకి పోయింది.

"మీకిది బాగా వచ్చేసినట్టుందే," అంది డిటెక్టివ్.

"ఇప్పుడు వచ్చు. నేర్చుకోవడానికి తల ప్రాణం తోకకొచ్చింది. మా అబ్బాయి సులువే అంటాడు. వాడికి సులువే."

మెట్ల దగ్గర క్యాషియరు గారు గొంతు తగ్గించారు. "కవేనండీ. మనిషి నిలకడగా లేడు."

"అతను చెప్పింది నిజం. అలాంటివాడు ఖాళీ వదలడు," అంది డిటెక్టివ్. ఆ కాస్త మాటకే క్యాషియరు గారు తన సిద్ధాంతం మార్చేసుకున్నారు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక డిటెక్టివ్ అందరినీ హాలు మధ్యలో కూర్చోబెట్టింది. అక్క తమ్ముడి వైపు చూడకుండా కూర్చుంది.

"ఇందులో ఇద్దరి చేతులు పనిచేశాయి," అని మొదలుపెట్టింది. "ఒకటి జాడలు శుభ్రంగా తుడిచింది. అది అన్నీ వచ్చిన చెయ్యి. రెండోది వాక్యం తీసి, బొమ్మని మౌస్‌తో లాగి, ఒరగ్గా వదిలింది. అన్నీ వచ్చిన చెయ్యి బొమ్మని అలా వదలదు. వాక్యం తీసినవాళ్ళూ, జాడ తుడిచినవాళ్ళూ ఒకరు కాదు."

తమ్ముడు తల దించుకున్నాడు.

"పేజీ మొత్తం చెడగొట్టే వీలుండి కూడా, ఒక్క వాక్యమే తీశారు. ఖాళీ అసహ్యంగా కనబడకూడదని కప్పి మరీ వెళ్ళారు. ఈ కంపెనీ మీద కోపమున్న మనిషి చేసే పని కాదది. ఈ కంపెనీ అంటే ప్రేమ ఉండి, ఆ వాక్యం ఒక్కటీ భరించలేనివాళ్ళ పని. ఆ పేజీలోకి వెళ్ళే వీలున్నవాళ్ళలో మౌస్‌తో బొమ్మలు లాగేది ఒక్కరే." ఆమె స్వరం మెత్తబడింది. "మీరే చెప్పండమ్మా."

అమ్మ చీర కొంగు వేళ్ళకి చుట్టుకుంది.

"ఒకావిడ నాకు రాస్తుండేది," అంది. "ఇద్దరు పిల్లల తల్లి. పిల్లలు బడికెళ్ళాక నేర్చుకునేది. ఓ రోజు, 'అమ్మ కూడా చేయగలదని మీరే రాశారు. నేనూ అమ్మనే. నాకు రావట్లేదంటే నాకు బుర్ర లేనట్టే కదా' అని రాసి మానేసింది. ఎన్నిసార్లు పిలిచినా పలకలేదు. ఆవిడ వెళ్ళిపోయిన రోజే మొదటిసారి తీశాను."

అమ్మ కూతురి వైపు తిరిగింది.

"నాకూ సులువు కాలేదే. రాక, ఓ రోజు వంటింట్లో కూర్చుని ఏడ్చాను. మీరు చేసింది కదా, బాలేదని ఎలా చెప్పను? పట్టుబట్టి నేర్చుకున్నాను. అంత కష్టపడ్డాక, ఆఖరికి అమ్మకి కూడా వచ్చేస్తుందని నవ్వుతాలుగా రాశావు."

"నాకు చెప్పొచ్చుగా అమ్మా," అంది అక్క.

"చెప్పాను. నువ్వు ఫోన్లో ఉన్నావు."

అక్క కళ్ళు నిండిపోయాయి. క్యాషియరు గారు కిటికీలోంచి బయటికి చూడడం మొదలుపెట్టారు.

తమ్ముడు నెమ్మదిగా అన్నాడు. "జాడలో అమ్మ లాగిన్ కనబడింది. ముందు చెయ్యి జారి నొక్కిందేమో అనుకున్నాను. మూడోసారికి అర్థమైంది. నీకు తెలిస్తే అమ్మ చేతిలోంచి ఆ పని తీసేస్తావేమోనని ప్రతిసారీ తుడిచేశాను. అది దొరికాకే కదక్కా అమ్మ మళ్ళీ హుషారుగా తిరుగుతోంది."

"మరి ఆ పోటీ కంపెనీవాళ్ళ ఫోన్ సంగతి?"

"రమ్మన్నారు, రానన్నాను. నీకు చెబితే, 'నీ బాగు చూసుకోరా, వెళ్ళు' అని నాకే సర్దిచెబుతావని చెప్పలేదు."

అక్క లేచి అమ్మ భుజాలు పట్టుకుని తీసుకెళ్ళి తన కుర్చీలో కూర్చోబెట్టింది. తెర మీద కొత్తవాళ్ళ పేజీ తెరిచి ఉంది. "ఆవిడకి ఏం రాసి పిలిచావో అదే ఇక్కడ రాయమ్మా," అంది.

అమ్మ ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. 'మొదట్లో కష్టంగానే ఉంటుంది. నాకూ ఉండింది. అడగండి, నేనున్నాను.'

కవి దగ్గరికొచ్చి చదివి, అలవాటుగా జేబులోంచి తీసిన ఎర్ర పెన్ను మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. అమ్మ మౌస్ పట్టుకుని కింది బొమ్మని కాస్త దించింది. అది మళ్ళీ ఎడమకే ఒరిగింది. తమ్ముడి వేళ్ళు కీబోర్డు వైపు వెళ్ళబోతుంటే అక్క అతని మణికట్టు పట్టుకుంది.

"ఉండనీరా, అలాగే."

పట్టుకున్న చెయ్యి వదల్లేదు. "నిన్ను అనుమానించానురా," అంది.

"తెలుసు. పొద్దుటి నుంచీ నా వైపు చూడలేదు నువ్వు."

"మరి నోరు విప్పి కాదనొచ్చుగా?"

"అమ్మ పేరు చెప్పి నేను బయటపడనా?"

డిటెక్టివ్ చడీచప్పుడు లేకుండా మెట్ల వైపు నడిచింది. క్యాషియరు గారు వెనకే వెళుతూ అమ్మ దగ్గర ఆగి, తనూ నేర్చుకోవచ్చా, వయసు అడ్డురాదు కదా అని అడిగారు. కష్టంగానే ఉంటుందని అమ్మ నిజమే చెప్పింది.

అంతలో అక్క ఫోన్ మోగింది. పేరు చూసింది, కట్టేసి సొరుగులో పడేసింది. తరువాత కుర్చీ లాక్కుని అమ్మకీ తమ్ముడికీ మధ్య కూర్చుని, "ఆవేళ ఏదో అన్నావు కదమ్మా, మళ్ళీ మొదట్నుంచీ చెప్పు," అంది.