పక్కకు తిరిగి పండు

పొద్దున్నే వరండాలో కూర్చుని చాయ్ తాగుతూ తాగుతూనే అంతయ్యకు కన్ను మూతపడింది. గ్లాసు జారి చాయంతా బండల మీద పారింది.

"చెయ్యి కాలిందా మావయ్యగారూ?" కోడలు లలితకుమారి పరుగున వచ్చింది. గుంటూరు దిక్కు పిల్ల, మాట మెత్తన.

"ఏంది నాయినా గిది?" కొడుకు జనార్ధన్ విసుక్కున్నాడు. "రాత్రంత పంటివి, మల్ల నిద్రేనా? నీ గురకకు మన్సూరాబాద్ కుక్కలు సుత లేస్తున్నయి!"

అంతయ్యకు ఆమధ్య గుండెపోటు వచ్చింది. రోజూ నడిస్తేనే గుండె కుదుటపడుతుందని దవాఖానలో చెప్పి పంపారు. కానీ నాలుగిళ్లు దాటేసరికి ఒళ్లు తూలుతుంది. కాలనీ నిండా కట్టే ఇళ్లే కదా, ఏదో ఒక ఇసుక కుప్ప మీద ఒరిగి నిద్రపోతాడు. మేస్త్రీలు లేపి తీసుకొచ్చి దిగబెడతారు.

"నడువమంటే ఇసుకల పంటవు. అమ్మ పాయె. నువ్వు సుత పోదామనుకున్నవా?"

"పోతే పోత. నీకేంది?"

జనార్ధన్ కిందపడ్డ గ్లాసు తీసి గట్టు మీద ఠక్కున పెట్టాడు.

"డాక్టరుకు చూపించాక పోట్లాడుకుందురుగాని, పదండి," అని లలితకుమారి ఇద్దరినీ బయల్దేరదీసింది.

దిల్‌సుఖ్‌నగర్‌లో డాక్టరు గుండె చూసి, నిద్ర సంగతి అడిగాడు. "గురక మధ్యల ఊపిరి ఆగుతదా?"

కొడుకూ కోడలూ మొహాలు చూసుకున్నారు. కొత్త ఇంట్లో పెద్దాయనకు వేరే గది. తలుపు వేశాక ఎవరికి తెలుసు?

"మా సత్తెమ్ముంటే చెప్పేది," అన్నాడు అంతయ్య. "ముప్పై ఏండ్లు నన్ను పండనియ్యలె సారూ. మోచెయ్యితోని డొక్కల పొడుచుడు, పక్కకు తిరిగి పండు అనుడు. గురక వెట్టనప్పుడు సుత ఎందుకు పొడుస్తవే అని లడాయి వెట్టుకునేది నేను."

డాక్టరు కలం పక్కన పెట్టాడు. "వెల్లకిల పంటే నీ గొంతు మూసుకపోతది పెద్దాయనా. ఊపిరందక గుండె తన్లాడుతది, రక్తనాళాలు లోపల వాస్తయి. అందుకే పగలంత నిద్రకు తూలుడు. గురక సప్పుడుతోని ఊపిరి సుత ఆగినప్పుడే ఆమె పొడిచేదన్నట్టు."

అంతయ్యకు సత్తెమ్మ గుర్తొచ్చింది. ఒకనాడు కోపంతో ఆమె చాపను వరండాలోకి విసిరేశాడు. తెల్లారి చూస్తే మళ్లీ అతని మంచం పక్కనే కటిక నేల మీద పడుకుని ఉంది. పోయిన ఏడు దవాఖానలో కన్నుమూసే ముందు కూడా అతని చెయ్యి పట్టుకుని 'పక్కకు... పక్కకు...' అని అదే మాట గొణిగింది. తనను తిప్పమంటోందనుకుని ఆయాను పిలిచి ఆమెను పక్కకు తిప్పించాడు.

"నాకు చెప్పింది బిడ్డా," కొడుకు భుజం మీద తల ఆన్చి వలవలా ఏడ్చాడు. "నేను దాన్ని తిప్పిన."

మధ్యాహ్నం జనార్ధన్ తన మంచం తెచ్చి తండ్రి మంచానికి ఆనించి వేశాడు. అంతయ్య కునుకు తీశాడో లేదో గురక లేచింది. ఉన్నట్టుండి ఆగింది. జనార్ధన్ భయం భయంగా మోచేతితో తాకాడు.

అంతయ్య పెద్దగా ఊపిరి తీసి కళ్లు తెరిచాడు. పక్కన ఉన్నది కొడుకని తెలియడానికి కొంతసేపు పట్టింది.

"జర గట్టిగ పొడువు బిడ్డా," అంటూ పక్కకు తిరిగాడు. "మీ అమ్మ గట్టిగ పొడిచేది."